గడప దగ్గర ప్రశ్న: వచ్చినవారిని ఎంతవరకు విచారించాలి?

దివ్య ఖుర్ఆన్‌లో అరవయ్యో సూరాకు ముమ్తహినా అని పేరు. కొందరు దీనిని ముమ్తహనా అని కూడా చదువుతారు. మొదటి విధంగా చదివితే పరీక్షించేది అనీ, రెండవ విధంగా చదివితే పరీక్షింపబడిన స్త్రీ అనీ అర్థం వస్తుంది. ఇల్లూవాకిలీ విడిచి ఒక రాజ్యపు గడప దాటి మరొక రాజ్యంలో కాలుపెట్టదలచిన మనిషిని ఏమి అడగాలి, అడిగిన తరువాత ఏమి చేయాలి అన్న విషయం నుండి ఒక సూరాకు పేరు రావడం సామాన్యమైన సంగతి కాదు. తఫ్సీరు గ్రంథాలలో ఈ విషయం మీద విస్తారమైన చర్చ ఉన్నా, మన తెలుగు పాఠకుల దృష్టికి అది అంతగా రాలేదనిపిస్తుంది.

ఈ ప్రశ్న ఈనాటిది కూడా. 2017 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఏడు ముస్లిం దేశాల ప్రజల రాకను నిలిపివేస్తూ ఉత్తర్వు జారీ చేసినపుడు, కఠినమైన విచారణ అవసరమన్న మాటే దానికి కారణంగా చెప్పాడు. మన దేశంలో 2019లో పౌరసత్వ చట్టాన్ని సవరించినపుడు, వచ్చినవాని మతాన్ని బట్టి దారి వేరవుతుందా అన్న వివాదం వీధులకెక్కింది. వీసా కొరకు కాన్సులేటు ముందు నిలబడే మన యువకునికి తాత పేరు మొదలు వేలిముద్ర వరకు చెప్పక తప్పడం లేదు. ఇది అవమానమనీ, అసలు అడిగే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదనీ మనలో కొందరు ఆవేశపడతారు. అనుమానానికి హద్దు ఉండనక్కర లేదని అవతలివారు వాదిస్తారు. ఇస్లామీయ చరిత్రను తిరగవేస్తే ఈ రెండు మాటలూ నిలవవు.

హిజ్రీ శకం 6వ సంవత్సరం జుల్ ఖాదా మాసంలో, అంటే క్రీ.శ. 628లో, హుదైబియా సంధి జరిగింది. ఖురైషుల తరపున సుహైల్ బిన్ అమ్ర్ షరతులు చెప్పాడు. వాటిలో ముస్లింల మనసులకు ముల్లులా గుచ్చుకున్న షరతు ఒకటున్నది. తన పెద్దల అనుమతి లేకుండా మక్కా విడిచి మదీనాకు వచ్చినవానిని మదీనావారు తిరిగి అప్పగించాలి. మదీనా నుండి మక్కాకు పోయినవానిని మాత్రం ఖురైషులు అప్పగించనక్కర లేదు. ఆ సంధిపత్రం పూర్తికాకముందే సుహైల్ సొంత కుమారుడు అబూ జందల్ (ర) కాళ్ళకు సంకెళ్ళతో ఈడ్చుకుంటూ వచ్చి ముస్లింల మధ్య పడ్డాడు. తండ్రి అతన్ని వెనక్కు ఇవ్వమని పట్టుబట్టాడు. దైవప్రవక్త (స) ఇచ్చిన మాట నిలుపుకున్నారు. అబూ జందల్ ఆక్రందనలు వింటూ అక్కడున్న సహాబీలు ఎంత తల్లడిల్లిపోయారో, హజ్రత్ ఉమర్ (ర) ఎంత కలతపడ్డారో సీరత్ గ్రంథాలు వర్ణించాయి. శరణు కోరి వచ్చినవానిని తిప్పి పంపడం ఎంత బాధాకరమో ఆ తొలి ముస్లిం సమాజం కళ్ళారా చూసింది.

ఆ తరువాత ఒక స్త్రీ వచ్చింది. ఆమె పేరు ఉమ్మె కుల్సూం (ర). తండ్రి ఉఖ్బా బిన్ అబీ ముఅయిత్, మక్కాలో దైవప్రవక్త (స)ను అత్యంత క్రూరంగా హింసించినవారిలో ఒకడు, బద్ర్ యుద్ధం తరువాత మరణశిక్ష పొందినవాడు. అటువంటివాని కుమార్తె పుట్టింటిని విడిచి మదీనా చేరింది. ఆమె వెనుకనే అన్నదమ్ములు ఉమారా, వలీద్ వచ్చి, సంధి ప్రకారం మా చెల్లెల్ని మాకు అప్పగించండి అన్నారు. ఈ సందర్భంలోనే సూరా ముమ్తహినా పదవ ఆయత్ అవతరించిందని ఉలమాలు చెబుతారు. విశ్వాసులమని చెప్పుకుంటూ వలస వచ్చిన స్త్రీలను పరీక్షించండనీ, వారి విశ్వాసం సంగతి అల్లాహ్‌కే బాగా తెలుసుననీ, వారు విశ్వాసులని మీకు తెలిస్తే అవిశ్వాసుల వద్దకు తిప్పి పంపవద్దనీ ఆ ఆయత్ భావం. సంధిలోని మాట పురుషులకే వర్తిస్తుందని కొందరు పండితులు, స్త్రీలను ఈ ఆయత్ మినహాయించిందని మరికొందరు వివరించారు. ఏ విధంగా చూసినా ఉమ్మె కుల్సూంను అప్పగించలేదు.

ఆ పరీక్షలో ఏమి అడిగారు? హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) నుండి వచ్చిన రివాయత్ ప్రకారం, వచ్చిన స్త్రీ చేత ప్రమాణం చేయించేవారు: భర్త మీద ద్వేషంతో రాలేదనీ, ఊరు మారాలన్న కోరికతో రాలేదనీ, లోక సంపదను ఆశించి రాలేదనీ, అల్లాహ్ మీదా ఆయన ప్రవక్త మీదా ప్రేమతోనే వచ్చాననీ. హజ్రత్ ఆయిషా (ర) నుండి వచ్చిన హదీసు ప్రకారం, అదే సూరా పన్నెండవ ఆయత్‌లోని షరతులను ఒప్పుకుంటే అదే పరీక్ష. షిర్క్ చేయనని, దొంగతనం, వ్యభిచారం చేయనని, బిడ్డలను చంపనని, అపనిందలు వేయనని, మంచి విషయంలో ప్రవక్త మాట మీరనని. ఒప్పుకుంటే దైవప్రవక్త (స) నీ బైఅత్‌ను స్వీకరించాను అని నోటితో చెప్పేవారు. అంతటితో సరి.

పాఠకులు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. ఉమ్మె కుల్సూం తండ్రి ఎవరో మదీనాలో తెలియనివారు లేరు. ఆమె అన్నదమ్ములు అప్పటికి ప్రత్యర్థి శిబిరానికి చెందినవారు. అయినా ఆ వంశం ఆమెకు వ్యతిరేకంగా లెక్కకు రాలేదు. ఆమె ఉద్దేశాన్ని ఆమెనే అడిగారు, జవాబు కూడా ఆమె నోటి నుండే తీసుకున్నారు. ఇంకొక సంగతి ఆ ఆయత్‌లోనే ఉన్నది. పరీక్షించమని ఆజ్ఞాపించిన వెంటనే వారి విశ్వాసం అల్లాహ్‌కే బాగా తెలుసునన్న మాట వస్తుంది. అంటే మనిషి చేసే పరీక్ష హృదయపు అడుగుకు చేరదని, చేరనక్కర లేదని పరీక్షించేవానికి ముందే తెలిపినట్లయింది. ఆయత్‌లో మీకు తెలిస్తే అని ఉన్నచోట తెలియడమంటే బలమైన నమ్మకం కలగడమే తప్ప సంపూర్ణ జ్ఞానం కాదని జమఖ్షరీ వంటి వ్యాఖ్యాతలు రాశారు. వచ్చిన స్త్రీల మక్కా భర్తలు ఇచ్చిన మహర్ సొమ్మును వారికి తిరిగి చెల్లించాలని కూడా అదే ఆయత్ ఆదేశిస్తుంది. ఆశ్రయం ఇచ్చిన రాజ్యం దానికయ్యే ఖర్చు కూడా భరించిందన్నమాట.

ఇదే సూరా ప్రారంభంలో ఉన్న మరొక సంఘటనను దీని పక్కన పెట్టి చూడాలి. హిజ్రీ 8లో దైవప్రవక్త (స) మక్కా మీదికి కదలబోతున్నారన్న రహస్యాన్ని తెలుపుతూ ఒక లేఖ మదీనా నుండి బయలుదేరింది. దానిని మోసుకుపోతున్న స్త్రీని రౌజతు ఖాఖ్ అనే చోట హజ్రత్ అలీ (ర), మరికొందరు సహాబీలు పట్టుకుని లేఖను రాబట్టారు. దానిని రాసినవాడు నిన్నమొన్న సరిహద్దు దాటి వచ్చినవాడు కాదు. పరీక్షకు నిలబడిన వలస స్త్రీ కూడా కాదు. బద్ర్ యుద్ధంలో పాల్గొన్న హాతిబ్ బిన్ అబీ బల్తఆ (ర). మక్కాలో ఉన్న తన కుటుంబానికి అండ దొరకాలన్న ఆశతో ఆ పని చేశానని ఆయన చెప్పుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ జవాబు పూర్తిగా విన్నారు, బద్ర్‌లో ఆయన పాల్గొన్న సంగతి గుర్తుచేశారు, శిక్షించలేదు. వలస వచ్చినవారి పరీక్ష, లోపలివాని లేఖ రెండూ ఒకే సూరాలో ఉన్నాయి. అపాయమంతా గడప అవతలి నుండే వస్తుందని నమ్మే పాలకులు ఈ సూరాను మొదటి నుండి చదవడం మంచిది.

హజ్రత్ ఉమర్ (ర) ఖిలాఫత్‌లో ఈ ప్రశ్న మరింత తీవ్రమైన రూపంలో ముందుకు వచ్చింది. యుద్ధాల్లో చిక్కిన బందీలలో యుక్తవయసు వచ్చిన అవిశ్వాసులను మదీనాలోకి రానివ్వకూడదని ఆయన నియమం పెట్టుకున్నారు. కూఫా నుండి ముగీరా బిన్ షూబా (ర) ఒక ఉత్తరం రాశాడు. తన దగ్గర ఒక పనివాడున్నాడనీ, వడ్రంగం, కమ్మరం, నగిషీ పనులు తెలిసినవాడనీ, మదీనా ప్రజలకు పనికివస్తాడనీ, అనుమతి ఇవ్వాలనీ కోరాడు. అనుమతి దొరికింది. ఇప్పటి మాటలో చెప్పాలంటే నైపుణ్యాన్ని చూసి ఇచ్చిన వీసా. ఆ పనివాని పేరు ఫీరోజ్, అబూ లూలూ అని ప్రసిద్ధుడు. హిజ్రీ 23 చివరలో, అనగా క్రీ.శ. 644లో, ఫజ్ర్ నమాజ్‌లో హజ్రత్ ఉమర్‌ను పొడిచినవాడు ఇతడే.

గాయపడిన ఖలీఫా తనను పొడిచినదెవరో తెలుసుకున్న తరువాత ఇబ్నె అబ్బాస్ వైపు తిరిగి, నీవూ నీ తండ్రీ మదీనాలో ఈ పరదేశీయులు ఎక్కువగా ఉండాలని ఇష్టపడేవారు కదా అన్నారు. ఆ మాటలో నొప్పి ఉన్నది, నింద కూడా ఉన్నది. ఇబ్నె అబ్బాస్ వెంటనే, మీరు కోరితే ఆ పని చేసేస్తాం అన్నాడు. అంటే వాళ్ళందరినీ హతమారుస్తామని. మరణశయ్య మీదున్న ఉమర్ దాన్ని ఖండించారు. వాళ్ళు మీ భాష మాట్లాడుతున్నారు, మీ ఖిబ్లా వైపు తిరిగి నమాజ్ చేస్తున్నారు, మీరు చేసే హజ్జ్ చేస్తున్నారు, ఆ తరువాత అదెలా కుదురుతుందన్న భావంతో బదులు చెప్పారు. ఈ సంభాషణ సహీహ్ బుఖారీలో ఉన్నది. అనుమతి మీద వచ్చినవాని కత్తికే బలవుతున్న పాలకుడు, అదే క్షణంలో, అటువంటి అనుమతుల మీద వచ్చిన మిగిలినవారి ప్రాణాలను కాపాడారు. పొడిచిన చేయి ఒకటే, వచ్చినవారు వందలు అన్న తేడా ఆయనకు ఆ బాధలో కూడా తెలుసు.

ఆయన కుమారుడు ఉబైదుల్లాకు మాత్రం ఆ నిగ్రహం లేకపోయింది. హత్యకు ముందు అబూ లూలూ, హుర్ముజాన్, జుఫైనా ముగ్గురూ కలిసి మాట్లాడుకుంటుండగా వారి మధ్య నుండి రెండు వైపులా పదునున్న కత్తి జారిపడిందని ఒకరు సాక్ష్యం చెప్పారు. ఉబైదుల్లా కత్తి దూసి హుర్ముజాన్‌ను, జుఫైనాను, అబూ లూలూ చిన్న కుమార్తెను చంపాడు. హుర్ముజాన్ ఒకప్పటి ఇరాన్ సేనాని. తుస్తర్‌లో పట్టుబడి మదీనాకు వచ్చినపుడు, ఈ నీళ్ళు తాగేవరకు నీకు భయం లేదని ఉమర్ అనగా, గిన్నెలోని నీళ్ళు ఒలకబోసి ఆ మాటనే అమాన్‌గా పట్టుకుని ప్రాణం దక్కించుకున్నవాడు. తరువాత ఇస్లాం స్వీకరించి మదీనాలో స్థిరపడ్డాడు. ఖలీఫా నోటిమాట అతన్ని ఏళ్ళ తరబడి కాపాడింది. ఖలీఫా కొడుకు అనుమానం ఒక్క రోజులో చంపింది. హజ్రత్ ఉస్మాన్ (ర) ఖిలాఫత్ చేపట్టగానే ముందుకు వచ్చిన మొదటి వ్యాజ్యాలలో ఇది ఒకటి. ఉబైదుల్లాకు ఖిసాస్ విధించాలని కొందరు సహాబీలు గట్టిగా కోరారు. చివరికి ఉస్మాన్ తన సొమ్ములో నుండి దియత్ చెల్లించి సమస్యను ముగించారు. ఆ ముగింపు అందరినీ తృప్తిపరచలేదని చరిత్రకారులే రాశారు.

ఈ అనుభవాలన్నిటి తరువాత ఫుఖహాలు కూర్చుని చట్టం రాశారు. వేరొక రాజ్యం నుండి వచ్చినవానికి ఇచ్చే అభయాన్ని అమాన్ అనీ, అది పొందినవానిని ముస్తామిన్ అనీ పిలిచారు. తౌబా సూరా ఆరవ ఆయత్, శరణు కోరిన ముష్రిక్‌కు కూడా శరణిచ్చి తరువాత అతనికి క్షేమకరమైన చోటికి చేర్చమంటుంది. దీనికి మూలాధారం అదే. హనఫీ ఇమాములలో హజ్రత్ ముహమ్మద్ షైబానీ (మరణం క్రీ.శ. 805) ఈ విషయాల మీద సియర్ పేరుతో ప్రత్యేక గ్రంథాలే రచించారు. ఆ చట్టంలో అమాన్ ఇచ్చే హక్కు సుల్తానుకే పరిమితం కాదు. సామాన్య ముస్లిం ఇచ్చిన మాట కూడా రాజ్యమంతటికీ కట్టుబాటే. మక్కా విజయం రోజున ఉమ్మె హానీ (ర) అనే స్త్రీ తన అత్తవారి వైపు బంధువులకు ఇచ్చిన అభయాన్ని దైవప్రవక్త (స) ఆమోదించారు కదా. ఇచ్చిన అమాన్‌ను రద్దు చేయదలిస్తే ప్రభుత్వం ముందుగా తెలియజేయాలి, ఆ మనిషిని తన చోటికి సురక్షితంగా చేర్చాలి. రాత్రికి రాత్రే రద్దు, పొద్దున అరెస్టు అన్నది ఆ చట్టంలో కుదరదు.

అలాగని సరిహద్దులు తెరిచి వదిలేయమని వారు చెప్పలేదు. హారూన్ రషీద్ కోరిక మీద ఇమామ్ అబూ యూసుఫ్ రాసిన కితాబుల్ ఖరాజ్‌లో స్పష్టంగా ఉన్నది: పరదేశాలకు పోయే దారులలో చౌకీలు పెట్టాలి, వచ్చే పోయే వర్తకులను సోదా చేయాలి, ఆయుధాలుంటే తీసుకోవాలి, ఉత్తరాలుంటే చదవాలి, ముస్లింల రహస్యాలు వాటిలో కనిపిస్తే మోసుకుపోతున్నవానిని పాలకుని వద్దకు పంపాలి. మూట, సంచి, ఉత్తరం, ఆయుధం ఇవన్నీ చేతికి దొరికేవి, కంటికి కనబడేవి. విచారణ అంతా వాటి చుట్టూనే తిరుగుతుంది. ఒకడు తాను రాజదూతనని చెప్పి లేఖ చూపితే దానిని బట్టి అతని మాటను స్వీకరించాలని కూడా ఆ పుస్తకంలోనే ఉన్నది.

మన మదరసాలలో చదివే హిదాయాలో ఈ అధ్యాయంలోనే మరొక నియమం ఉన్నది. ముస్తామిన్‌ను ఏడాది నిండా ఉండనివ్వకూడదు. ఏడాది ఉంటే నీ మీద జిజియా పడుతుందని పాలకుడు అతనికి ముందుగా చెప్పాలి. ఆ మాట తరువాత కూడా ఏడాది ఉండిపోతే అతడు జిమ్మీ అవుతాడు, అంటే ఆ రాజ్యపు శాశ్వత నివాసి. ఆపైన అతని ధన ప్రాణాల రక్షణ రాజ్యం మీద శాశ్వత బాధ్యత. అతడు కూడా మళ్ళీ శత్రు రాజ్యానికి తిరిగి పోరాదు. ఖరాజ్ భూమి కొని దాని మీద శిస్తు చెల్లించడం మొదలైనా ఇదే ఫలితం. జిమ్మీ హోదా ఈనాటి సమాన పౌరసత్వం కాదు, దాన్ని అలా చూపించడం చరిత్రకు అన్యాయం. కాని ఒక్క సంగతి చూడండి. మనిషి ఒకచోట నివసించి పన్ను కడుతూ ఉంటే ఎప్పటికీ పరాయివాడిగా ఉంచడానికి వీలు లేదని ఆ ఫుఖహాలు ఏడాది గడువు పెట్టారు. మన కరీంనగర్ నుండో కడప నుండో గల్ఫ్‌కు పోయి, కఫీల్ దయ మీద ముప్పై ఏళ్ళు చెమటోడ్చి, ముసలితనంలో ఒక పెట్టెతో తిరిగి వచ్చినవారి సంగతి ఈ నియమం పక్కన పెట్టుకుని ఆలోచించాలి. పాశ్చాత్యుల వీసా విధానాలను నిందించేటపుడు మనకు కలిగే ఆవేశం ఇక్కడ ఎందుకు చల్లబడుతుందో నాకు అర్థం కాదు.

చట్టం పుస్తకంలో ఒక తీరుగా, రేవులో మరొక తీరుగా ఉండడం కూడా పాత సంగతే. క్రీ.శ. 1183లో అందలూసియా నుండి హజ్జ్‌కు బయలుదేరిన ఇబ్నె జుబైర్ అలెగ్జాండ్రియా రేవులో పడిన పాట్లు తన ప్రయాణ గ్రంథంలో రాసుకున్నాడు. అధికారులు ఓడ మీదికి వచ్చి ఒక్కొక్కరి పేరు, ఊరు, ఆనవాళ్ళు రాసుకున్నారు. దగ్గరున్న సొమ్ముకు జకాత్ వసూలు చేశారు, దానికి ఏడాది నిండిందో లేదో అడగలేదు. సామానంతా గుమ్మరించి, నడుముకు కట్టుకున్న మొలసంచులలో చేతులు పెట్టి వెతికారు, ఆపైన ప్రమాణాలు చేయించారు, ఆ తొక్కిసలాటలో కొన్ని వస్తువులు మాయమైపోయాయి. సుల్తాన్ సలాహుద్దీన్ ఎంతో న్యాయపరుడనీ, ఇది ఆయనకు తెలిస్తే ఆపించేవాడనీ ఇబ్నె జుబైర్ నమ్మకం. బహుశా నిజమే కావచ్చు. కాని కౌంటరు దగ్గర నిలబడినవానికి ఎదురయ్యేది సుల్తాను కాదు, గుమాస్తా.

ఇబ్నె బతూతా అనుభవాలు ఇంకా రుచికరం. ఈజిప్టు, సిరియాల మధ్యనున్న ఖత్యా దగ్గర చీటీ లేనిదే అటు ఇటు ఎవరినీ పోనివ్వరని, రాత్రివేళ ఇసుకను చదును చేసి ఉంచి తెల్లవారి దాని మీద అడుగుజాడలున్నాయేమో చూస్తారని రాశాడు. 1333 సెప్టెంబరులో అతడు సింధు నది చేరగానే, ఢిల్లీ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్ వార్తాహరులు అతని రూపురేఖలు, బట్టలు, వెంట ఉన్న మనుషులు, నడవడిక అన్నీ రాసి రాజధానికి పంపారు. (మన ఓరుగల్లును 1323లో జయించిన ఉలుగ్ ఖాన్ ఇతడే.) జవాబు వచ్చేదాకా ముల్తాన్‌లో ఆగవలసి వచ్చింది. అక్కడ అడిగిన ముఖ్యమైన ప్రశ్న ఒక్కటే: ఉండిపోవడానికి వచ్చావా, చూసి పోవడానికి వచ్చావా? ఉండిపోతానన్నవారి చేత ఖాజీ ముందు, సాక్షుల ముందు కరారు రాయించుకున్నారు. ఇబ్నె బతూతా రాసిచ్చాడు. అతని తోటివారు కొందరు రాయలేమన్నారు. రాసిచ్చిన ఇబ్నె బతూతా ఢిల్లీ ఖాజీ పదవి చేసి, ఆ తరువాత రాయబారిగా బయలుదేరి చివరికి సొంతవూరు చేరుకున్నాడు! కరారు చేయించుకున్న మాత్రాన మనసులో ఉన్నది బయటపడదని దీనికంటే చక్కని ఉదాహరణ దొరకదు.

దక్కనుకు వద్దాం. బహమనీ రాజ్యంలో ఇరాన్ వైపు నుండి వచ్చిన ఆఫాకీలకూ, స్థానిక దక్కనీలకూ మధ్య ద్వేషం ఎలా రగిలిందో చరిత్ర చదివినవారికి తెలుసు. గీలాన్ నుండి వర్తకుడిగా వచ్చిన మహమూద్ గవాన్ తన ప్రతిభ వలన వజీరు అయ్యాడు. బీదర్‌లో గొప్ప మదరసా కట్టించాడు. అతని శత్రువులు అతని ముద్ర ఉంచే నౌకరును మచ్చిక చేసుకుని ఒక ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. ఒడిశా గజపతిని దండెత్తి రమ్మని గవాన్ పిలిచినట్లు దాని మీద రాశారు. 1481 ఏప్రిల్‌లో, కృష్ణా తీరంలో మన బెజవాడకు దగ్గరనే ఉన్న కొండపల్లి విడిదిలో సుల్తాన్ మూడవ ముహమ్మద్ షాకు ఆ లేఖ చూపారు. అతడు మత్తులో ఉన్నాడంటారు. లేఖ తెచ్చినవాడెవరో పిలిచి అడగలేదు. గవాన్‌ను పిలిపించి ముద్ర నీదేనా అని అడిగాడు. ముద్ర నాదే, రాత నాది కాదు అన్నాడా వృద్ధుడు. డెబ్బయి ఏళ్ళు దాటిన మనిషిని, ముప్పై ఏళ్ళకు దగ్గరగా ఆ రాజ్యానికి సేవ చేసినవాడిని, అక్కడికక్కడే తల తీయించారు. నిజం త్వరలోనే బయటపడింది. మరుసటి ఏడాది సుల్తాను కూడా చనిపోయాడు. గవాన్ తనను చంపుతున్నాడని ఆఖరి ఘడియల్లో కేకలు వేశాడని ఫిరిష్తా రాశాడు. ఆ పిమ్మట రాజ్యం ముక్కలైంది. సూరా హుజురాత్ ఆరవ ఆయత్, దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించి తెలుసుకోమని, లేకుంటే తెలియక ఒక జాతికి హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవలసి వస్తుందని హెచ్చరించింది. కొండపల్లిలో లోపించినది ఆ విచారణే.

ఆ ముక్కలలో ఒకటైన గోల్కొండను స్థాపించిన సుల్తాన్ కులీ కూడా హమదాన్ ప్రాంతం నుండి వచ్చిన పరదేశీయే. అతని కుమారుడు ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. ఒక్క తరం చాలింది.

నాలుగు శతాబ్దాల తరువాత అదే హైదరాబాదులో మళ్ళీ స్థానికుడెవరన్న తర్కం వచ్చింది. 1919 నాటి ముల్కీ నియమాల ప్రకారం పదిహేనేళ్ళు స్థిరంగా నివసించి, తన పూర్వపు ఊరికి తిరిగి పోయే ఉద్దేశం లేదని ప్రమాణపత్రం ఇచ్చినవాడు ముల్కీగా పరిగణింపబడేవాడు. ముల్తాన్ కరారును మరచిపోని పాఠకులకు ఇది కొత్తగా తోచదు. ఆ నియమాలు తరువాత ఎంత రాజకీయానికి కారణమయ్యాయో, 1973లో ఎలా ముగిశాయో చెప్పనక్కర లేదు.

ఇక 1947. దేశం రెండుగా చీలింది. 1948 జూలైలో పాకిస్తాన్ నుండి వచ్చేవారికి పర్మిట్ తప్పనిసరి చేస్తూ భారత ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ఆ సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగింది. ఎన్నో కుటుంబాలు కరాచీకి తరలిపోయాయి. ఎన్నో సగం అక్కడ, సగం ఇక్కడ మిగిలాయి. రాజ్యాంగం ఏడవ అధికరణం ప్రకారం 1947 మార్చి 1 తరువాత పాకిస్తాన్‌కు వలసపోయినవాడు భారత పౌరుడు కాడు. శాశ్వతంగా తిరిగి వచ్చేందుకు ఇచ్చిన పర్మిట్‌తో వచ్చి ఉంటే తప్ప. 1952 అక్టోబరు నుండి పాస్‌పోర్టులు, వీసాలు వచ్చాయి. అన్నను చూడబోయిన తమ్ముడో, కూతురి కాన్పుకు పోయిన తల్లో తిరిగి ఇల్లు చేరాలంటే అక్కడ ఒక పాస్‌పోర్టు తీసుకోక తప్పని పరిస్థితి చాలామందికి ఎదురైంది. ఆ పాస్‌పోర్టు పాకిస్తాన్‌ది. దాని మీద భారత వీసా వేయించుకుని సొంత ఇంటికి అతిథిగా వచ్చేవారు. గడువు తీరగానే పోలీసులు తలుపు తట్టేవారు.

1955 పౌరసత్వ చట్టం, 1956 నియమాలు వచ్చాక చిక్కు మరింత బిగిసింది. మరొక దేశపు పాస్‌పోర్టు పొందడమే ఆ దేశ పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించడానికి తిరుగులేని రుజువు అని ఒక నియమం పెట్టారు. 1962లో సుప్రీంకోర్టు ఈ నియమం చెల్లుతుందని తీర్పు చెప్పింది. కాని అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కక్షిగా ఉన్న మరొక కేసులో, అటువంటి మనిషి పౌరసత్వం పోయిందో లేదో కేంద్ర ప్రభుత్వం విచారించి నిర్ణయించాలని, ఆ నిర్ణయం రాకముందే రాష్ట్ర ప్రభుత్వం అతన్ని పరదేశీయుడిగా ఎంచి పంపివేయడానికి వీలులేదని అదే కోర్టు స్పష్టం చేసింది. జిల్లా పోలీసు అధికారి చేతిలో పాస్‌పోర్టు నకలు ఉన్నంత మాత్రాన చాలదన్నమాట. ముద్ర నాదే, రాత నాది కాదన్న గవాన్ మాటకు ఆనాడు చెవి ఒగ్గినవాడు లేకపోయాడు. ఈ తీర్పు తరువాత ఆ మాట వినేందుకు కనీసం ఒక బల్ల ఏర్పడింది.

మూడేళ్ళ తరువాత, 1965లో, మద్రాసు పోలీసు కమిషనర్ ప్రతివాదిగా ఉన్న కేసులో సుప్రీంకోర్టు మరొక అడుగు ముందుకు వేసింది. బలవంతం మీదనో మోసం వలననో తీసుకున్న పాస్‌పోర్టు, స్వయంగా కోరి తీసుకున్న పాస్‌పోర్టు ఒకటి కావని, ఆ పాస్‌పోర్టును తాను ఇష్టపూర్వకంగా తీసుకోలేదని చెప్పుకునేందుకు, అందుకు సాక్ష్యం చూపేందుకు ఆ మనిషికి అవకాశం ఇచ్చి తీరాలని చెప్పింది. ఆ అవకాశం దొరికేనాటికి ఎందరో సరిహద్దు అవతలికి పంపబడి ఉన్నారు.